శంకురూప నేత్రము – దానికి కటకము

నల్లబల్లపై వ్రాత రెండు మూడుగా కనబడుచున్నదని చెప్పు బాలుని మేము తరచుగా అశ్రద్ధాపరుడని తలంతుము. ఒక్కొక్కప్పుడు దోషము అతని కంటిదే. నల్లగ్రుడ్డును కప్పియుండు అద్దమువంటి పొరకు కార్నియా యని పేరు. కొందరికి, విశేషించి యౌవనారంభమున, ఆ పొర పలుచనై శంకువువలె ముందుకు వచ్చును. దీనిని కెరటోకోనస్ అందురు. పొర మిట్టపల్లములై యుండుటచే ముదిరిన వ్యాధికి కండ్లజోడు చాలదు.

1888 లో జూరిచ్ నగరమున అడాల్ఫ్ ఫిక్ అను వైద్యుడు కనుగ్రుడ్డుపైనే అమర్చు గాజుచిప్పను గూర్చి ప్రకటించెను. మొదట కుందేళ్లకును, పిదప తనకును, ఆపైని కొందరు రోగులకును పెట్టి చూచెను. (కుందేళ్ల అభిప్రాయము మేమెరుగము.) గాజు గాలిని చొరనీయదు, కావున కొలది గంటలకు మించి ధరింప వీలులేకుండెను.

నేటి స్క్లెరల్ కటకమును ప్రాణవాయువు చొరగల ప్లాస్టిక్కుతో చేయుదురు. దాని అంచు తెల్లగ్రుడ్డుపై ఆనును, కార్నియాను తాకదు. నడుమ శుద్ధమైన లవణజలము నింపుదురు. ఆ నీరే మిట్టపల్లములను పూడ్చును. కాంతి నునుపైన తలము గుండ ప్రవేశించును. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రసంస్థలో ఇట్టివి అమర్చుచున్నారు.

అయితే కటకము చూపును దిద్దునే గాని వ్యాధిని ఆపదు. కన్నులు నులుముకొనుట దానిని పెంచును. దురదచే నిత్యము నులుముకొను పిల్లవానిని వైద్యునికి చూపుట ఆలస్యము చేయరాదు.