తెర మీద ఎవరికి ఏ వేషం?



తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ పీరియడ్‌లో ఈ నెల 1930ల నాటి హాలీవుడ్ హారర్ సినిమాల గురించి చెప్పుకున్నాం. పరీక్షల ముందు ఈ దయ్యాల గోలేంటని కంగారుపడకండి. ఆ కథల్లో భయపెట్టే వేషం ఎవరికి ఇచ్చారు, కాపాడే హీరో వేషం ఎవరికి దక్కింది అన్నదే మా పాఠం.

నోబుల్ జాన్సన్ అనే నల్లజాతి నటుడి సంగతే చూడండి. 1916లో ఆయన, తమ్ముడు జార్జ్ కలిసి లింకన్ మోషన్ పిక్చర్ కంపెనీ నడిపారు. నల్లజాతివాళ్లను నవ్వులపాలు చేయకుండా, గౌరవంగా చూపించాలన్నది వాళ్ల పట్టుదల. మొదటి సినిమాలో హీరో ఇంజనీరింగ్ చదివి, పని వెతుక్కుంటూ ఇల్లు వదిలిన కుర్రాడు. (మన ఇళ్లలో కథే కదా!) ఆ హీరోగా వేసింది జాన్సనే. పదహారేళ్ల తర్వాత, 1932లో వచ్చిన 'ది మమ్మీ'లో అదే మనిషి ఒక నౌకరు. ఆ పాత్రకు పేరు కూడా లేదు, నటుల పట్టికలో 'ది నూబియన్' అని వేసి ఊరుకున్నారు. అదే ఏడాది 'ది మోస్ట్ డేంజరస్ గేమ్'లో మేకప్ వేసి రష్యన్ సేవకుడిని చేశారు, అదీ మూగవాడు. 1933 నాటి 'కింగ్ కాంగ్'లో తెల్ల హీరోయిన్‌ను బలి ఇవ్వబోయే దీవి తెగ నాయకుడు. నటనలో లోటేమీ లేదు, దొరికిన వేషాలే అవి.

చైనా వాళ్ల పరిస్థితీ అంతే. ఫూ మంచూ అనే చైనా విలన్ కథతో 1931లో వచ్చిన సినిమాలో కూతురిగా చైనీస్ అమెరికన్ నటి అన్నా మే వాంగ్ నటించారు. తండ్రి మాత్రం స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలండ్. మరుసటి ఏడాది 'ది మాస్క్ ఆఫ్ ఫూ మంచూ'లో కూతురి వేషం కూడా మిర్నా లాయ్ అనే తెల్ల నటికే వెళ్లింది. ఫూ మంచూగా కళ్లకు మేకప్ వేసుకున్నది లండన్‌లో పుట్టిన బోరిస్ కార్లాఫ్. ఆయన అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్, పూర్వీకుల్లో భారతీయులు ఉన్నారు. క్లాసులో పిల్లలు ఒక్కసారిగా లేచి కూర్చున్నది ఈ మాటకే!

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 1932 నాటి 'వైట్ జాంబీ'. కథ హైతీలో జరుగుతుంది. అప్పటికి ఆ దేశం అమెరికా సైన్యం చేతిలో ఉంది, 1915 నుంచి 1934 దాకా. జాంబీ అన్న ఊహ వెనుక చెరకు తోటల్లో బానిసలు పడ్డ బాధ ఉంది. చచ్చినా చాకిరీ తప్పదేమోనన్న భయం అది. సినిమాలో చక్కెర మిల్లు సీన్ ఉంది. ఒక కూలీ యంత్రంలో పడిపోయినా మిగతావాళ్లు ఆగకుండా తిప్పుతూనే ఉంటారు. అసలు కథంతా అక్కడే ఉంది. కెమెరా మాత్రం తెల్ల పెళ్లికూతురి వెంట వెళ్లిపోతుంది.

చిన్న తరగతుల పిల్లలకు ఈ సినిమాలు చూపించకండి. పెద్దపిల్లలు చూస్తామంటే పక్కన కూర్చోండి. తొమ్మిదో తరగతివాళ్లకు ఇచ్చిన హోంవర్క్ ఇది: మీ ఇంట్లో అందరూ చూసిన ఏదైనా ఒక సినిమా, తెలుగుదైనా సరే, తీసుకుని అందులో పేరు లేని పాత్రలెన్ని, డైలాగ్ లేనివెన్ని, వాళ్లు ఏ పని చేసేవాళ్లో నోట్‌బుక్‌లో రాయాలి. లెక్క మీరు కూడా విడిగా రాసి, ఇద్దరివీ కలిపి సోమవారం పంపండి.