కనబడని కామెర్లు: హెపటైటిస్ 'బి' చికిత్సలో క్రొత్త మార్గములు

"ఒంట్లో కులాసాగా నున్నప్పుడు హెపటైటిస్ 'బి' మాత్ర మానరాదా?" అని విద్యార్థి యొకడు తన మేనమామ పక్షమున మమ్ము ప్రశ్నించెను. మేము వైద్యులము కాము. అయినను తెలిసినంత వ్రాయుచున్నాము.

తెలుగున కామెర్లన్నను, ఉర్దూలో యర్ఖాన్ అన్నను మనకు కంటి పసుపే గుర్తుకు వచ్చును. ఈ దీర్ఘవ్యాధి పసుపు చూపకయే ఏండ్లకేండ్లు కాలేయమున నిలిచియుండును. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెలలో కామెర్లనగానే పసరు మందు తలపునకు వచ్చును. హేళన చేయుట మా ఉద్దేశము కాదు. నేల ఉసిరికపై మద్రాసు పరిశోధకులు 1988లో ఆశాజనకమైన ఫలితములు ప్రకటించిరి; తరువాతి పరీక్షలలో అవి నిలువలేదు. పెద్దలకు క్రొత్తగా సోకిన వ్యాధి చాలవరకు తనంతటనే శమించును. పేరు మాత్రము పసరునకు దక్కును!

దీర్ఘవ్యాధి అట్లు శమింపదు. వైరస్ తన జన్యుపదార్థమును కాలేయకణపు కేంద్రకములో చిన్న వలయముగా దాచుకొనును. ఎంటెకావిర్, టెనోఫోవిర్ మాత్రలు క్రొత్త ప్రతుల తయారీని అణచునే గాని ఆ విత్తును పెకలింపజాలవు. వైద్యుని అడుగక మానినచో అది మరల మొలకెత్తును; ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి తెచ్చును.

వైరస్ తన మాంసకృత్తుల కొరకు పంపు ఆజ్ఞనే నడుమ త్రుంచుట నేటి ప్రయత్నములలో నొకటి. బెపిరోవిర్సెన్ అను అట్టి సూదిమందును 24 వారములు పూర్తి మోతాదులో పొందినవారిలో, నూటికి తొమ్మిది పదిమందికి, మందు ఆపిన ఆరు నెలల వరకు రక్తమున వైరస్ జాడ కనబడలేదని 2022లో ప్రకటించిరి. స్వల్పమే యనిపించును, మాత్రలతో అంతమాత్రమును అరుదు.

ఇంటివారందరును రక్తపరీక్ష చేయించుకొనవలెను. సోకనివారికి టీకా కలదు. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ దానిని స్వదేశముననే తయారుచేసి ధర దించినది. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వ చికిత్సా కేంద్రములలో మాత్రలు ఉచితము. కలసి భుజించుట వలన ఈ వ్యాధి సోకదు. ఆ ఇంట మేనమామకు వేరు కంచము పెట్టుచున్నారట, దానిని తీసివేయవచ్చును.