పసుపు చేను – ఒక ఆవరణ వ్యవస్థ

నిజామాబాద్ జిల్లాలోని మోర్తాడ్ ప్రాంతం పసుపు పంటకు పేరెన్నికగన్నది. జూన్‌లో నాటిన దుంప జనవరి దాటితే గాని నేల వెలుపలికి రాదు. ఆ ఎనిమిది తొమ్మిది నెలలూ అది మట్టితో, నీటితో, ఎండతో, కంటికి కానరాని ప్రాణులతో కలసి బ్రతకవలసినదే. జీవులు, వాటి పరిసరాలు కలసిన ఇటువంటి సముదాయానికి బ్రిటిష్ శాస్త్రవేత్త టాన్‌స్లీ 1935లో పెట్టిన పేరునే తెలుగులో ఆవరణ వ్యవస్థ అని వ్యవహరిస్తారు. అడవులు, చెరువులే కాదు, మనిషి దున్నిన చేను కూడా ఆవరణ వ్యవస్థయే.

నిర్జీవ కారకాలలో పసుపునకు మిక్కిలి ముఖ్యమైనది నీరు. మిక్కిలి ప్రమాదకరమైనదీ నీరే. మట్టి రేణువుల నడుమ ఖాళీలలో ఉండే గాలి నుండి వేర్లు ఆక్సిజన్‌ను గ్రహిస్తాయి. వానలు ఎడతెగక కురిసి చేనులో నీరు నిలిస్తే ఆ ఖాళీలు నిండిపోయి, వేర్లు ఊపిరాడక బలహీనపడతాయి. అదే అదనుగా పిథియం అనే సూక్ష్మజీవి విజృంభిస్తుంది. దాని సిద్ధబీజాలు తడి మట్టిలో ఈదుకొంటూ మొక్క నుండి మొక్కకు చేరతాయి. ఆకులు అంచుల నుండి ఎండుతాయి. కాండం మొదలు మెత్తబడి, లాగితే చేతికే వస్తుంది. రైతులు దుంపకుళ్ళు అనేది దీనినే. ఇందులో దోషం నీటిదా, పిథియందా? పొడి నేలలో పిథియం ఈదలేదు. పిథియం లేనిచోట నీరొక్కటే ఇంత వేగంగా చేనును కుళ్ళబెట్టలేదు.

నష్టం ఒక్క ఏటితో తీరదు. పసుపు కణాలలో క్రోమోసోములు మూడేసి జతగా ఉండటం వల్ల సాధారణంగా గింజలు ఏర్పడవు. ఈ ఏటి దుంపే వచ్చే ఏటి విత్తనం. తెగులు సోకిన దుంపను దాచి నాటితే, వ్యాధిని రైతు తన చేతులతోనే కొత్త చేనుకు మోసుకొనిపోయినట్లవుతుంది. పైగా ఒక రకం మొక్కలన్నీ జన్యుపరంగా ఇంచుమించు ఒకే అచ్చు. ఒకదానిని పడగొట్టిన తెగులు పక్కదానినీ పడగొట్టగలదు.

సజీవ కారకాలన్నీ శత్రువులు కావు. ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం పిథియం తంతువులను చుట్టుకొని వాటినే ఆహారంగా చేసుకొంటుంది. చివికిన పశువుల ఎరువులో, వేపపిండిలో దానిని పెంచి నేలలో కలుపుతారు. అయితే దానికీ గాలి కావాలి. నీరు నిలిచిన చేనులో ఎంత చల్లినా ఫలితం స్వల్పమే. అందువలన మురుగునీరు పోయే కాలువలు తీయడం, ఎత్తు మడులపై నాటడం మందుల కన్న ముందు జరగవలసిన పనులు.

ఈ ప్రాంతంలో పసుపు నడుమ మొక్కజొన్నను కూడా వేస్తారు. అది నీడనిస్తుంది, పోషకాలకు పోటీపడుతుంది. దుంప ఊరే వేళకు మొక్కజొన్న కోతకు వచ్చి, పసుపు ఆకులకు ఎండ తగులుతుంది.