ఇరవై ఒక్క రోజులు: పొదిగే పెట్ట, పొదిగే యంత్రం

సంస్కృతంలో పక్షికి ద్విజమని పేరు. గుడ్డుగా ఒకసారి, ఆ గుడ్డు పగిలి పిల్లగా మరొకసారి పుట్టేది గనుక ఆ పేరు సార్థకమైనది. కోడి విషయంలో, పొదగడం మొదలైన నాటినుండి రెండవ జన్మకు పట్టే వ్యవధి 21 రోజులు. ఆ మూడు వారాలలో పెంకు లోపల ఏమి జరుగుతుందో, దానికి వెలుపలినుండి ఏమి అందాలో తెలుసుకోవడం పిల్లలకూ పెద్దలకూ కూడా మంచి విజ్ఞాన పాఠం.

అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలలో చాలామందికి ఈ విషయం బడిలోనే పరిచయమవుతుంది. విశ్వవిద్యాలయాల వ్యవసాయ విస్తరణ విభాగాల సహాయంతో, ఫోర్‌-హెచ్‌ బాలల కార్యక్రమంలో భాగంగా, వసంతకాలంలో అనేక తరగతి గదులలో చిన్న ఇంక్యుబేటర్లు ఏర్పాటు చేసి గుడ్లు పొదిగిస్తారు. ఇంటికి వచ్చిన పిల్లలు తమకూ అటువంటిది కావాలని కోరడం సహజం. 2025 మార్చిలో డజను గుడ్ల సగటు ధర 6 డాలర్లు దాటినప్పుడు పెరటి కోళ్ళ ప్రస్తావన పెద్దల నోట కూడా తరచుగా వినిపించింది. యంత్రం కొనడం సులభమే. అయితే యంత్రం చేయగలిగినది ఏది, దానికి చేతకానిది ఏది అన్న వివేచన గుడ్లు తేవడానికి ముందే ఉండాలి. లేనిచో 22వ రోజునుండి ఇబ్బందులు మొదలవుతాయి.

నిద్రించే ప్రాణం

పుంజుతో కలిసిన పెట్ట పెట్టిన గుడ్డు మాత్రమే పొదగడానికి పనికివస్తుంది. అంగళ్ళలో అమ్మే గుడ్లు సాధారణంగా పుంజులు లేని ఫారాలనుండి వస్తాయి. వాటిలో జీవాంకురం ఉండదు. ఎన్నాళ్ళు వెచ్చగా ఉంచినా అవి మురిగిపోవడమే తప్ప పిల్లలు కావు.

అంకురం గల గుడ్డులో, అది పెట్ట శరీరంనుండి వెలువడే సమయానికే, వేలకొలది కణాలు ఏర్పడి ఉంటాయి. బయటి చల్లదనం తగలగానే ఆ ఎదుగుదల ఆగిపోతుంది. ప్రాణం మాత్రం పోదు, నిద్రావస్థలో ఉంటుంది. పెట్ట పది పన్నెండు రోజులపాటు గుడ్లు పెట్టి, ఆ పిమ్మట కూర్చున్నప్పటికీ పిల్లలన్నీ ఇంచుమించు ఒకేనాడు వెలువడడానికి ఇదే కారణం. ఇంటివద్ద గుడ్లు సేకరించేవారు వాటిని 55 నుండి 65 డిగ్రీల ఫారెన్‌హీట్‌ చల్లదనంలో, సన్నని కొన క్రిందికి ఉండేలా నిలిపి, వీలయినంతవరకు వారం రోజులలోపే పొదగవేయాలి. ఇంటి ఫ్రిజ్‌ చల్లదనం దీనికి మరీ ఎక్కువ. గుడ్లను కడగరాదు. సూక్ష్మజీవులు లోపలికి చొరకుండా పెంకుమీద సహజంగా ఉండే సన్నని పూత కడిగితే పోతుంది.

పెట్ట చేసే పని

పొదుగుడుకు వచ్చిన పెట్టను గుర్తించడం కష్టం కాదు. గూడు విడిచి కదలదు. చేయి దగ్గరకు తీసుకుపోతే ఈకలు ఉబ్బించి, గుర్రుమని పొడవడానికి వస్తుంది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథినుండి ప్రోలాక్టిన్‌ అనే హార్మోను అధికంగా స్రవించడం ఈ మార్పుకు ప్రధాన కారణం. అప్పుడు గుడ్లు పెట్టడం ఆగిపోతుంది. పొట్టమీద కొంతభాగం ఈకలు రాలి, ఆ చర్మానికి రక్తప్రసరణ పెరుగుతుంది. సుమారు 106 డిగ్రీల ఫారెన్‌హీట్‌ ఉండే ఆమె శరీరపు వేడి ఆ చర్మం ద్వారా నేరుగా గుడ్డుకు అందుతుంది. పెట్ట రోజుకు అనేక పర్యాయాలు ముక్కుతోను, కాళ్ళతోను గుడ్లను తిప్పుతుంది. సాధారణంగా రోజుకు ఒకసారి కొద్ది నిమిషాలు లేచి, మేత తిని, నీరు త్రాగి, తిరిగి వచ్చి కూర్చుంటుంది.

అన్ని జాతుల పెట్టలకూ ఈ గుణం సమానంగా లేదు. గుడ్ల కొరకే తరతరాలుగా ఎంపిక చేసిన లెగ్‌హార్న్‌ వంటి జాతులలో అది దాదాపు నశించింది. పొదగడానికి కూర్చున్నన్ని రోజులూ పెట్ట గుడ్లు పెట్టదు గనుక, అది వ్యాపారానికి నష్టమని భావించి ఆ గుణాన్ని తగ్గిస్తూ వచ్చారు. సిల్కీ, కొచిన్‌, ఆర్పింగ్‌టన్‌ జాతులలో అది బలంగా ఉంది. తెలుగునాట పందెపు కోళ్ళుగా పేరొందిన అసీలు జాతి పెట్టలు కూడా మంచి తల్లులు. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌ ప్రాంతంలో రూపొందిన కార్నిష్‌ జాతికి మూలాలలో అసీలు ఒకటి. ఆ కార్నిష్‌ రక్తమే నేటి మాంసపు కోళ్ళ వంశంలోకి ప్రవేశించింది. కనుక అమెరికా అంగడిలో అమ్మే కోడికి భారతదేశపు పందెపు కోడితో దూరపు చుట్టరికం ఉన్నది.

పెట్టను పొదగవేసేవారు పది, పన్నెండు గుడ్లకు మించకుండా, ఆమె రెక్కలక్రింద పూర్తిగా ఇమిడేటన్ని మాత్రమే ఉంచాలి. చోటు చీకటిగా, నిశ్శబ్దంగా ఉండాలి. ఇతర పెట్టలు అదే గూటిలో కొత్త గుడ్లు పెట్టి గందరగోళం చేయకుండా వేరుపరచడం మంచిది. ముందుగానే గుడ్లపై పెన్సిలుతో గుర్తు పెట్టాలి. పేలు, పిడుదులు పెట్టను పట్టి పీడిస్తే ఆమె మధ్యలోనే గూడు విడిచిపోవచ్చు. కూర్చోబెట్టడానికి ముందే ఈకల అడుగున పరీక్షించాలి.

మట్టి గదులనుండి విద్యుత్‌ పెట్టెలకు

పెట్ట లేకుండా పొదిగించడం ఆధునికుల కల్పన కాదు. ప్రాచీన ఈజిప్టు, చైనా దేశాలలో ఈ విద్య ఉన్నది. ఈజిప్టువారు మట్టి ఇటుకలతో గదులు కట్టి, నెమ్మదిగా కాలే ఇంధనంతో వేడి కలిగించి, వేలకొలది గుడ్లను ఒకేసారి పొదిగించేవారు. ఉష్ణమాపకం లేని ఆ కాలంలో గుడ్డును కనురెప్పకు తాకించి వేడిని నిర్ణయించేవారు. తండ్రినుండి కొడుక్కు సంక్రమించిన విద్య అది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెయోమ్యూర్‌ 1749లో ఈ విషయమై గ్రంథం ప్రకటించి యూరపులో ఆసక్తి రేకెత్తించాడు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు పెటలూమా పట్టణంలో 1879లో లైమన్‌ బైస్‌, ఐజాక్‌ డయాస్‌ రూపొందించిన యంత్రం ఆ పట్టణాన్ని ప్రపంచ గుడ్ల రాజధానిగా ప్రసిద్ధికెక్కించింది.

యంత్రం పాటించవలసిన నాలుగు నియమాలు

పెట్ట సహజంగా చేసే పనిని యంత్రానికి అంకెలలో చెప్పవలసి ఉంటుంది.

మొదటిది వేడి. లోపల ఫ్యాను ఉన్న యంత్రంలో 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్‌, అనగా 37.5 డిగ్రీల సెల్సియస్‌, స్థిరంగా ఉండాలి. ఫ్యాను లేని యంత్రంలో పైభాగం వేడిగా, అడుగుభాగం చల్లగా ఉంటుంది గనుక, గుడ్ల పైఅంచు ఎత్తులో కొలిచినప్పుడు 101 నుండి 102 డిగ్రీలు ఉండాలి. యంత్రాన్ని ఒకరోజు ముందుగానే నడిపి, మరొక మంచి థర్మామీటరుతో సరిచూచుకోవాలి. కొద్దిసేపు వేడి తగ్గడం కన్నా వేడి పెరగడం ఎక్కువ ప్రమాదకరం. పెట్ట కూడా మేతకు లేచిపోతుంది, ఆ కాస్త చల్లదనాన్ని పిండం ఓర్చుకోగలదు. ఎండ పడే కిటికీవద్ద, ఇంటిని వేడిచేసే గొట్టపు రంధ్రంవద్ద యంత్రాన్ని ఉంచరాదు.

రెండవది తేమ. మొదటి 18 రోజులు 50 శాతం ప్రాంతంలో, చివరి మూడు రోజులు 65 నుండి 70 శాతం వరకు ఉండాలి. పొదిగే కాలంలో గుడ్డు తన బరువులో సుమారు 12 శాతం నీటి ఆవిరిగా కోల్పోవాలి. అప్పుడే గుడ్డు వెడల్పు కొనలో పిల్లకు తొలి శ్వాస నిచ్చే గాలిగది తగినంత పెరుగుతుంది. తేమ ఎక్కువైతే గాలిగది చిన్నదై పిల్లకు ఊపిరాడదు. తక్కువైతే లోపలి పొర ఎండి పిల్లకు అంటుకుపోతుంది. శీతాకాలంలో వేడిచేసిన అమెరికా ఇండ్లలో గాలి చాలా పొడిగా ఉంటుంది గనుక ఈ జాగ్రత్త మరింత అవసరం.

మూడవది గాలి. గుడ్డు పెంకులో సుమారు 10,000 సూక్ష్మరంధ్రాలు ఉన్నాయి. హెర్మన్‌ రాన్‌, ఆమోస్‌ ఆర్‌, చార్లెస్‌ పాగనెల్లి అనే శాస్త్రజ్ఞులు 1979లో ప్రకటించిన లెక్క ప్రకారం, 60 గ్రాముల గుడ్డు 21 రోజులలో సుమారు 6 లీటర్ల ప్రాణవాయువును పీల్చుకొని, 4.5 లీటర్ల బొగ్గుపులుసు వాయువును, 11 లీటర్ల నీటి ఆవిరిని విడుస్తుంది. రాయివలె కదలక కనిపించే గుడ్డు నిరంతరం శ్వాసిస్తున్నదన్నమాట. అందుచేత యంత్రపు గాలిరంధ్రాలను ఎన్నడూ పూర్తిగా మూయరాదు.

నాలుగవది తిప్పడం. కదలకుండా ఉంచితే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. చేతితో తిప్పేవారు రోజుకు మూడుసార్లు లేక అయిదుసార్లు, బేసి సంఖ్యలో తిప్పాలి. అట్లయితే ప్రతిరాత్రీ ఒకే వైపు పైకి ఉండిపోదు. 18వ రోజున తిప్పడం ఆపివేయాలి.

దీపపు పరీక్ష

చీకటి గదిలో బలమైన చిన్న దీపాన్ని గుడ్డు వెడల్పు కొనకు ఆనించి చూస్తే లోపలి స్థితి తెలుస్తుంది. పిండపు గుండె రెండవ రోజుననే కొట్టుకోవడం ప్రారంభిస్తుంది. గుడ్లను పగులగొట్టి చూస్తే కనిపించే పిండపు దశలను ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్‌ వర్ణించాడు. అందులో రక్తబిందువు వలె కదలాడే గుండె ప్రస్తావన ఉన్నది. నేడు గుడ్డు పగులగొట్టకుండానే 7వ రోజున సాలెపురుగు కాళ్ళవలె విస్తరించిన రక్తనాళాలను పిల్లలకు చూపవచ్చు. ఏమీ కనిపించని గుడ్డు అంకురం లేనిది. ఎర్రని ఉంగరం వంటి గీత మాత్రమే కనిపిస్తే పిండం మరణించిందని అర్థం. అటువంటి వాటిని తీసివేయాలి. లేకపోతే అవి మురిగి, పగిలి, మిగిలిన వాటినీ పాడుచేస్తాయి.

చివరి మూడు రోజులు

18వ రోజునుండి మూత తీయరాదు. తీసిన ప్రతిసారీ తేమ తగ్గిపోతుంది. 20వ రోజు ప్రాంతంలో పిల్ల గాలిగదిలోకి ముక్కు పొడిచి తొలిసారి ఊపిరి తీస్తుంది. అప్పుడు పెంకు లోపలినుండే కీచుమనే సన్నని ధ్వని వినిపిస్తుంది. పెట్ట క్రింద ఉన్నప్పుడైతే తల్లి మెల్లగా బదులు పలుకుతుంది. ముక్కు కొనపై ఉండే చిన్న గట్టి మొనతో పిల్ల పెంకుకు గంటు పెడుతుంది. ఆ తరువాత 12 నుండి 24 గంటలు విరామంగా కనిపించవచ్చు. ఈ సమయంలో జాలితో పెంకు ఒలిచి సహాయపడడమే కుటుంబాలు చేసే పెద్ద పొరపాటు. ఆ విరామంలో పెంకు పొరలోని రక్తం పిల్ల శరీరంలోకి చేరుతుంది, మిగిలిన పచ్చసొన పొట్టలోకి ఇంకుతుంది. తొందరపడితే రక్తస్రావమై పిల్ల చనిపోవచ్చు. అట్లు ఇంకిన పచ్చసొన బలంతోనే పిల్ల రెండు మూడు రోజులు మేత లేకుండా బ్రతకగలదు. అమెరికా తపాలాశాఖ 1918నుండి ఒకరోజు పిల్లలను పెట్టెలలో బట్వాడా చేయడానికి ఇదే ఆధారం.

యంత్రం పని ఇక్కడితో ముగుస్తుంది

పుట్టిన పిల్ల తన శరీరపు వేడిని తాను నిలుపుకోలేదు. పెట్ట ఉంటే రెక్కలక్రింద చేర్చుకుంటుంది, మేత చూపుతుంది, గ్రద్ద నీడ పడగానే హెచ్చరిస్తుంది. గుడ్డు వచ్చి పిల్లను వెక్కిరించినట్లు, యంత్రం వచ్చినది గదా అని పెట్టను చులకన చేయరాదు. ఈ పనులన్నీ యంత్రం ఎరుగదు. అవి ఇంటివారి మీద పడతాయి.

పిల్లలుండే పెట్టెలో మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్‌, ఆ పిమ్మట వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ, ఈకలు పూర్తిగా వచ్చేవరకు, సుమారు ఆరు వారాలు, వేడి కల్పించాలి. థర్మామీటరుకన్నా పిల్లల ప్రవర్తనే మంచి గుర్తు. గుంపుగా ఒదిగితే చలి, దూరంగా జరిగి రొప్పితే అధిక వేడి. వ్రేలాడే వేడిదీపాలవల్ల అగ్నిప్రమాదాలు జరుగుతున్నందున, పిల్లలు క్రిందకు దూరే వేడిపలక మేలు. నున్నని కాగితంపై కాళ్ళు జారి వికలమవుతాయి గనుక చెక్కపొట్టు పరచాలి. నీటి పళ్ళెంలో గులకరాళ్ళు వేస్తే పిల్లలు మునిగిపోవు.

పొదుగుడుకు వచ్చిన పెట్ట ఇంట్లోనే ఉంటే ఉభయతారకమైన మార్గం ఒకటి ఉన్నది. యంత్రంలో పుట్టిన పిల్లలను ఒకటి రెండు రోజులలోపే, చీకటి పడిన తరువాత, మెల్లగా పెట్ట క్రింద చేర్చాలి. తెల్లవారేసరికి చాలా పెట్టలు వాటిని తమవిగానే స్వీకరిస్తాయి. అయినా ఆ ఉదయం దగ్గర ఉండి గమనించాలి.

పుంజుల ప్రశ్న

పన్నెండు పిల్లలు పుడితే వాటిలో దాదాపు సగం పుంజులు. కోళ్ళలో ఆడమగ నిర్ణయం తల్లినుండి వచ్చే క్రోమోసోముపై ఆధారపడి ఉంటుంది. గుడ్డు ఆకారాన్ని బట్టి దానిని చెప్పలేము, పొదిగే విధానంతో మార్చలేము. అమెరికాలో అనేక నగరాలు కొద్ది పెట్టలను అనుమతించినా పుంజులను నిషేధించాయి. పల్లెలో తెల్లవారుజామున మేలుకొలుపైన కూత ఇక్కడ ఇరుగుపొరుగుల ఫిర్యాదు అవుతుంది. పిల్లలు పేర్లు పెట్టి, చేతులలో పెంచుకున్న పుంజును మూడు నాలుగు నెలలకు ఎక్కడికి పంపాలన్నది ఆ ఇంటిలో నిజంగా బాధ కలిగించే ప్రశ్న. గుడ్ల పరిశ్రమకు కూడా ఇది తీరని సమస్యే. మగపిల్లలను పుట్టిన రోజుననే చంపే పద్ధతిని జర్మనీ 2022లో నిషేధించింది. కనుక పుంజులను స్వీకరించే రైతును ముందుగా వెదికి, మాట తీసుకొన్న తరువాతనే గుడ్లు పొదగవేయడం ధర్మం. అది కుదరనివారు ముందుగానే లింగనిర్ణయం చేసిన పెట్టపిల్లలను కొనడం మేలు.

ఆరోగ్య విషయం

చూడడానికి ఆరోగ్యంగా ఉన్న పిల్లలనుండి కూడా సాల్మొనెల్లా సోకవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ముద్దు పెట్టుకోనీయరాదు. అయిదేళ్ళలోపు పిల్లలను వాటిని తాకనీయకపోవడం మంచిది. 2022నుండి హెచ్‌5ఎన్‌1 పక్షిజ్వరం అమెరికాలో పెరటి కోళ్ళకు కూడా సోకినది. అడవి పక్షులు మేతను, నీటిని తాకకుండా కాపాడాలి. కోళ్ళు ఒక్కసారిగా చనిపోతే వాటిని ముట్టుకోక రాష్ట్ర పశువైద్యాధికారులకు తెలియజేయాలి.

వేడి, తేమ, గాలి, కదలిక అనే నాలుగింటిని యంత్రం సమకూరుస్తుంది. కోడి మాత్రం అయిదు నుండి ఎనిమిదేళ్ళు బ్రతకగల ప్రాణి. 21 రోజుల ముచ్చటకు సిద్ధపడే కుటుంబం ఆ తరువాతి సంవత్సరాలకు కూడా సిద్ధపడి ఉంటే, పెరటిలోని చిన్న గూడు పిల్లలకు ఏ పుస్తకమూ నేర్పలేని జీవశాస్త్రాన్ని, దానితోపాటు బాధ్యతను నేర్పుతుంది.