భారం మోపినవాడే చేయి అందించాలి

ఆరాధన అంటే నమాజు, ఉపవాసాలు మాత్రమే కాదు. మన కోసం పనిచేసేవారి పట్ల మన ప్రవర్తన కూడా రేపు అల్లాహ్ సన్నిధిలో లెక్కకు వస్తుంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) హజ్రత్ అబూజర్ (రజి)కు చేసిన ఒక హితబోధ సహీహ్ బుఖారీలో ఉంది. సేవకులు మన సోదరులేనని, వారిపై శక్తికి మించిన భారం మోపరాదని, మోపితే మనమే వారికి సహాయపడాలని దాని సారాంశం.

ఎదుట పనిచేసే మనిషి విషయంలో ఇది సులభంగానే అర్థమవుతుంది. మరి మన సరుకు తయారుచేసే మనిషి ఎక్కడో దూరాన, వేరొకరి కర్మాగారంలో, కాంట్రాక్టరు కింద ఉంటే? అప్పుడు బాధ్యత ఎవరిది?

అనకాపల్లి అనగానే మనకు బెల్లం గుర్తొస్తుంది. నేడు అదే జిల్లాలోని అచ్యుతాపురంలో విదేశాలకు వెళ్ళే దుస్తులు, మందుల ముడిసరుకులు తయారవుతున్నాయి. అక్కడి బ్రాండిక్స్ దుస్తుల పార్కులో వేలాదిమంది మహిళలు కుట్టుపని చేస్తున్నారు. 2022లో జూన్ 3న, తిరిగి ఆగస్టు 2న ఆ ఆవరణలో విషవాయువు పీల్చి ఎందరో మహిళలు ఆసుపత్రి పాలయ్యారు. రెండు నెలల్లో రెండుసార్లు! 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోనే ఎసెన్షియా మందుల కర్మాగారంలో పేలుడు సంభవించి 17 మంది మరణించారు.

ఇలాంటప్పుడు మనం యజమానిని ప్రశ్నిస్తాం. ప్రశ్నించవలసిందే. కాని గొలుసు అక్కడితో ఆగదు. ప్రపంచమంతటా కనిపించే తీరు ఒకటుంది. కొనే సంస్థ ధర తగ్గించమంటుంది, గడువు కుదిస్తుంది. ఆ ఒత్తిడి యజమాని నుండి కాంట్రాక్టరుకు, అతని నుండి కార్మికురాలికి దిగుతుంది. కూలి తగ్గుతుంది, పనిగంటలు పెరుగుతాయి, మరమ్మతులు వాయిదా పడతాయి.

సర్టిఫికెట్టు ప్రాణం కాపాడదు

2012 సెప్టెంబరు 11న కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ దుస్తుల కర్మాగారంలో మంటలు చెలరేగి 250 మందికి పైగా మరణించారు. కొన్ని వారాల ముందే దానికి మంచి పని పరిస్థితులున్నట్లు అంతర్జాతీయ సర్టిఫికెట్టు లభించింది! 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడల్లో పగుళ్ళు కనిపించాయి. అయినా కార్మికులను లోపలికి పంపారు.

ఆ తర్వాతే విదేశీ సంస్థలు, కార్మిక సంఘాలు కలిసి చట్టబద్ధమైన ఒప్పందం చేసుకున్నాయి. స్వతంత్ర ఇంజనీర్లు తనిఖీ చేయాలి. ఫలితాలు అందరికీ తెలియాలి. మరమ్మతులకు డబ్బు సమకూరేలా కొనే సంస్థలు చూడాలి. ప్రమాదముందని తోస్తే పని నిరాకరించే హక్కు కార్మికునికి ఉండాలి. ప్రవక్త (స) బోధలోని 'సహాయపడటం' నేటి వ్యాపారంలో ఇలాగే ఉంటుంది.

సంస్థలు ఏం చేయాలి?

1. న్యాయమైన కూలి, భద్రత ఖర్చు బేరంలోనే కలపాలి. సాధ్యమయ్యే గడువే ఇవ్వాలి.

2. సరుకు ఎవరెవరి చేతులమీదుగా వస్తున్నదో చివరి కాంట్రాక్టరు దాకా తెలుసుకోవాలి.

3. కార్మికులు భయం లేకుండా ఫిర్యాదు చేసే మార్గముండాలి. తమిళనాడులోని దిండిగల్‌లో 2022లో మహిళలపై వేధింపులను అరికట్టేందుకు కార్మిక సంఘం, కర్మాగారం యాజమాన్యం, విదేశీ కొనుగోలు సంస్థలు ఇటువంటి ఒప్పందం చేసుకున్నాయి.

4. లోపం బయటపడగానే ఆర్డరు రద్దు చేసుకొని తప్పుకోరాదు. అలా చేస్తే కార్మికులే రోడ్డున పడతారు. సరిదిద్దేందుకు సమయం, సహాయం ఇవ్వాలి. యజమాని మొండికేస్తేనే తెగతెంపులు.

ఇవన్నీ పెద్ద కంపెనీల సంగతులు కదా అనుకోకండి. రమజాన్ నెలలో మన దుకాణాలకు బట్టలు కుట్టి ఇచ్చే స్త్రీలున్నారు. పండుగ దగ్గరపడిందని రాత్రింబవళ్ళు కుట్టించుకొని, పైకం మాత్రం పండుగ తర్వాత ఇస్తామంటే అదీ శక్తికి మించిన భారమే. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) ఆదేశం కంపెనీకీ, కొట్టువాడికీ ఒక్కటే. ఈ రోజు మన వల్ల ఎవరి కూలి ఆగి ఉందో లెక్క చూసుకుందాం.

కష్టజీవుల హక్కులు ఇక్కడే చెల్లించి, పరలోకంలో తలెత్తుకొని నిలబడే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.