సంక్రాంతికి అత్తారింటికి వెళ్లనా, మాననా?

మేడమ్,

నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉంటాం. నాలుగేళ్ల క్రితం రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది. వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నాను. ఏటా సంక్రాంతికి తణుకు దగ్గర మా అత్తగారి ఊళ్లో అందరం కలుస్తాం. పొద్దున లేచేసరికి నా వేళ్లు ముడుచుకోవు, గ్లాసు కూడా పట్టుకోలేను. గంట దాటితేగానీ చేతులు స్వాధీనంలోకి రావు. మధ్యాహ్నానికి మామూలుగా తిరుగుతాను కాబట్టి, ‘పనప్పుడే నొప్పులొస్తాయి’ అని మా తోటికోడలు అనడం నా చెవిన పడింది. ఆ మాట పడలేక పోయినేడు ముగ్గులు, అరిసెలు, గారెల పిండి అన్నీ నెత్తినేసుకున్నాను. మెథోట్రెక్సేట్ వేసుకున్న మర్నాడు వికారంగా ఉంటుందని ఆ వారం మాత్ర మానేసి, నొప్పుల బిళ్లలు మింగుతూ నెట్టుకొచ్చాను. తిరిగొచ్చాక మంచం పట్టాను. ఈసారి రానంటే మావారు ‘మూడు రోజులే కదా, ఓర్చుకో’ అంటున్నారు. అత్తగారు మంచివారే, ఆవిడను నొప్పించలేను. ఏం చేయను?

– ఓ పాఠకురాలు

వెళ్లండమ్మా. కానీ పోయినేడు వెళ్లినట్టు కాదు.

ముందు మందుల సంగతి. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది అదే. మెథోట్రెక్సేట్ నొప్పి బిళ్ల కాదు. మీ కీళ్ల మీదే దాడి చేస్తున్న రోగనిరోధక శక్తిని అదుపులో పెట్టే మందు. ఇష్టమొచ్చినట్టు మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. మర్చిపోయామని రెండింతలు వేసుకోవడం, రోజూ వేసుకోవడం అంతకన్నా ప్రమాదం. ఆ వికారం పండగ నాడు పడకుండా మాత్ర రోజు మార్చుకోవచ్చేమో మీ డాక్టర్ని ఇప్పుడే అడగండి. నొప్పుల బిళ్లలు కూడా ఆయన చెప్పినన్నే. అతిగా మింగితే కడుపులో పుళ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

పొద్దున బిగుసుకుపోవడం, పొద్దెక్కేకొద్దీ సడలడం ఈ జబ్బు తీరే. మీ తోటికోడలు చూసేది మధ్యాహ్నం తిరిగే మిమ్మల్ని. తెల్లవారుజామున మీ చేతులెలా ఉంటాయో ఆవిడకు ఎవరు చెప్పారు? అలా అనడం తప్పే, కానీ మీరూ నోరు విప్పలేదు. ఈసారి బయల్దేరకముందే ఫోన్ చేసి చెప్పండి. పొయ్యి మీద మూకుడు కాగుతుండగా చెబితే సాకులాగే వినిపిస్తుంది.

‘నాకు ఒంట్లో బాగోదు’ అని పైపైన చెబితే ఎవరికీ అర్థం కాదు. చలిలో కూర్చుని ముగ్గు వేయలేను, పిండి కలపలేను, అరిసెల్లో నూనె వత్తలేను అని విడమరిచి చెప్పండి. చేయగలిగినవీ చెప్పండి. బెల్లం పాకం నీళ్లలో వేస్తే ఉండ కట్టిందో లేదో చూడటానికి మణికట్టు బలం అక్కర్లేదు, చెయ్యి తిరిగిన మనిషి చాలు. కుర్చీ వేయించుకుని ఆ పని మీరు చూసుకోండి. భోగి సాయంత్రం పిల్లలకు భోగిపళ్లు పోసే సందడీ మీరే తీసుకోండి. అరిసెలు కొన్ని కొనుక్కెళ్లినా చిన్నతనమేమీ లేదు.

అత్తగారితో మాత్రం మాట్లాడాల్సింది మీరు కాదు, మీవారు. కోడలు చెబితే ఒకలా, కొడుకు చెబితే ఒకలా వినే ఇళ్లు మనవి. ఈ పేజీ ఆయన చేతికివ్వండి.

బాబూ, మూడు రోజులే కదా అన్నారు. పోయినేడు ఆ మూడు రోజుల తర్వాత మీ ఆవిడ ఎలా పడి ఉందో దగ్గరుండి చూసింది మీరే. ఈ రాత్రే మీ అమ్మగారికి ఫోన్ చేయండి. కనుమ నాడు గారెల పప్పు మీరు రుబ్బండి.