'క్యాన్సర్ కాదు' అన్న రిపోర్టును బీరువాలో దాచకండి

రొమ్ములో గడ్డకు సూదితో ముక్క తీసి పరీక్షిస్తే 'క్యాన్సర్ కాదు' అని వస్తుంది. అల్‌హమ్దులిల్లాహ్ అనుకుని రిపోర్టు బీరువాలో పెట్టేస్తాం. అందులో 'ఎటిపికల్ హైపర్‌ప్లేసియా' అనే మాట ఉందేమో ఒకసారి చూడండి.

పాలనాళాల్లో లేక పాలగ్రంథుల్లో కణాలు మితిమీరి పెరిగి, రూపం కూడా మారాయని దాని అర్థం. ఇది క్యాన్సర్ కాదు. కాని మున్ముందు క్యాన్సర్ వచ్చే ముప్పు ఇతర స్త్రీల కంటే సుమారు 4 రెట్లు ఎక్కువ. రూపం మారకుండా కణాలు పెరిగితే ముప్పు ఒకటిన్నర నుంచి 2 రెట్లే.

సూదికి చిక్కేది చిన్న ముక్క. పక్కనే క్యాన్సర్ దాగి ఉండవచ్చు. అందుకే ఆ భాగాన్ని ఆపరేషన్‌తో తీసి పరీక్షించాలని సాధారణంగా చెబుతారు. తర్వాత ఏటా మమోగ్రామ్ తీయించాలి. కొందరికి ముప్పు తగ్గించే మాత్రలు కూడా ఇస్తారు.

యునానీలో క్యాన్సర్‌ను 'సరతాన్' అంటారు, అంటే ఎండ్రకాయ. చిన్నగా ఉన్నప్పుడే కోసి తీయవచ్చని ఇబ్నె సీనా 'అల్ ఖానూన్'లో రాశారు. కనుక పైపూతలతో నెలలు గడపడం హికమత్ అనిపించుకోదు.

క్యాసంబళ్ళి సోదరీమణులకు బెంగుళూరులో రఫీ అహ్మద్ కిద్వాయ్ పేరిట వెలసిన ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. లేడీ డాక్టరు కావాలని అడగండి. సిగ్గుపడి ఆలస్యం చేయకండి. ఆ కాగితం ఈరోజే బయటకు తీయండి.